స్వీడన్ గొలుసు బండ్లను గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

గొలుసుల మీద నడిచే ప్రతి సైనిక వాహనమూ ట్యాంకేనా?

కాదు. కానీ మన వార్తల్లో ఇనుప గొలుసుల మీద కదిలేదల్లా "యుద్ధ ట్యాంకు" అయిపోతుంది. ట్యాంకు పని పెద్ద గన్‌తో ఎదుటి ట్యాంకులనూ గట్టి స్థావరాలనూ కొట్టడం. దాన్ని నడిపే ముగ్గురు నలుగురు తప్ప అందులో ఇంకెవరూ ఎక్కరు. సీవీ90 లాంటి పదాతిదళ పోరాట వాహనం సైనికులను పోరు జరిగే చోటికి తెచ్చి దింపుతుంది, వాళ్లు దిగాక తన గన్‌తో అండగా నిలుస్తుంది. పీబీవీ 302 లాంటిది ప్రధానంగా మనుషులను కవచం చాటున చేరవేసే బండి. బాండ్‌కానూన్ అయితే శతఘ్ని. శత్రువును కంటితో చూడకుండానే ఎంతో దూరం నుంచి గుండ్లు వేస్తుంది.

ఈ తేడా చాదస్తం కాదు. 2023లో స్వీడన్ ఉక్రెయిన్‌కు 50 సీవీ90లు, దాదాపు 10 ట్యాంకులు ఇస్తామని ప్రకటించింది. రెండింటినీ కలిపేసి "60 ట్యాంకులు" అని చదివినవాడికి ఆ యుద్ధం గురించి తప్పుడు అంచనా వస్తుంది.

ఫొటో చేతికి రాగానే మొదట ఎక్కడ చూడాలి?

చక్రాల దగ్గర. గన్ దగ్గర కాదు, రంగు దగ్గర అసలే కాదు.

కారణం చెబుతాను. స్వీడన్ సైన్యం ఒక బండిని ముప్పై, నలభై ఏళ్లు వాడుకుంటుంది. ఆ కాలంలో ఇంజిన్ మారుస్తుంది, గన్ మారుస్తుంది, పక్కలకు డబ్బాలు తగిలిస్తుంది, పైన వల కప్పుతుంది. బరువు మోసే చక్రాల సంఖ్య మాత్రం దాదాపు మారదు. అది బండికి ఎముకల గూడు లాంటిది.

లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. గొలుసుకు ఒక చివర పళ్ల చక్రం ఉంటుంది, గొలుసును లాగేది అదే. రెండో చివర గొలుసును బిగబట్టే చక్రం ఉంటుంది. ఈ రెండూ నేలకు ఆనవు, లెక్కలోకి రావు. గొలుసు పైభాగం కింద కొన్ని బండ్లకు చిన్న రోలర్లుంటాయి, అవీ రావు. నేల మీద ఆని బరువు మోసేవాటినే, ఒక్క పక్కవే లెక్కపెట్టాలి.

పెద్ద చక్రాలు నాలుగే ఉంటే ఎస్-ట్యాంక్ అనే స్వీడన్ ట్యాంకు కావచ్చు, లేదా రెండో ప్రపంచ యుద్ధకాలపు ఎం/41 కుటుంబం కావచ్చు. ఐదుంటే పీబీవీ 302. ఏడుంటే సీవీ90 లేదా జర్మన్ ట్యాంకు లెపర్డ్ 2. ఆరు దగ్గరే చిక్కు: సెంచూరియన్, ఐకేవీ 91, బాండ్‌కానూన్, పాత ఎం/42, దాని నుంచి పుట్టిన 74 అనే ట్యాంకు, తూర్పు జర్మనీ నుంచి కొన్న సోవియట్ బండ్లు బీఎంపీ, ఎంటీ-ఎల్‌బీ అన్నీ ఆరే. ఆరు కనిపిస్తే తొందరపడకండి.

తరువాత పళ్ల చక్రం ముందుందా, వెనకుందా చూడండి. ఎస్-ట్యాంక్, సీవీ90, పీబీవీ 302, బాండ్‌కానూన్‌లకు ముందు ఉంటుంది. సెంచూరియన్, లెపర్డ్, ఐకేవీ 91లకు వెనక. ఆపైన టరెట్ (గన్‌తో పాటు తిరిగే పై గూడు) నడిమధ్యనుందా, ఒక పక్కకు ఒరిగిందా, వెనక అంచున ఉందా, అసలు లేదా చూడాలి. గన్ వంతు అన్నిటికన్నా చివర. ఎదురుగా తీసిన ఫొటోలో గన్ గొట్టం పొడవు తెలియదు, పక్కనుంచి తీసిన ఫొటోలో దాని లావు సరిగ్గా అంచనా కట్టలేం. చక్రాలతో ఆ ఇబ్బంది లేదు.

స్ట్రీడ్స్‌వాంగ్న్, పీబీవీ, ఐకేవీ... ఈ పేర్లకూ అంకెలకూ అర్థం ఏమిటి?

స్వీడిష్‌లో "వాంగ్న్" అంటే బండి, "స్ట్రీడ్" అంటే పోరు. రెండూ కలిపితే స్ట్రీడ్స్‌వాంగ్న్, అంటే ట్యాంకు. "బాండ్" అంటే పట్టీ, ఇక్కడ గొలుసు. "పాన్సార్" అంటే కవచం. కవచమున్న గొలుసు బండి పాన్సార్‌బాండ్‌వాంగ్న్, దాని పొట్టి పేరే పీబీవీ. బాండ్‌వాంగ్న్ అన్న మాటలో తెలుగు చెవికి "బండి" వినిపిస్తుంది. రెండు మాటలకూ చుట్టరికం లేదు గానీ గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. ఐకేవీ అంటే పదాతిదళానికి తోడుగా వెళ్లే గన్ బండి.

అంకెల్లో అసలు రుచి ఉంది. పాతకాలంలో ఏ ఏడు సైన్యం స్వీకరించిందో ఆ ఏడే పేరు: ఎం/21, ఎం/38, ఎం/42. యుద్ధం తరువాత పద్ధతి మారింది. ట్యాంకు పేరులో మొదట వచ్చేది గన్ వ్యాసం సెంటీమీటర్లలో, చివరి అంకె ఆ తరగతిలో దాని వరుస. ఐకేవీ 91 అంటే 9 సెంటీమీటర్ల గన్‌తో మొదటిది. స్ట్రీడ్స్‌వాంగ్న్ 103 అంటే 10 సెంటీమీటర్ల తరగతిలో మూడో ట్యాంకు. 121, 122 అంటే 12 సెంటీమీటర్ల గన్‌తో మొదటిది, రెండోది.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. 101, 102, 104 మూడూ బ్రిటిష్ సెంచూరియన్లు. మధ్యలో ఉన్న 103 మాత్రం వాటితో ఏ పోలికా లేని ఎస్-ట్యాంక్. 81 అన్నదీ సెంచూరియనే. దానికి చిన్న గన్ తీసి 105 మి.మీ. గన్ పెట్టగానే పేరు 102గా మారింది. ఒళ్లు అదే, పేరు వేరు. అంకె గన్‌ను చెబుతుంది, చక్రాలు ఒంటిని చెబుతాయి. రెండూ కలిపి చదివితేనే సరైన జవాబు వస్తుంది.

పీబీవీల అంకెలకు ఈ లెక్క పనిచేయదు. 302 గన్ 20 మి.మీ. మాత్రమే. సీవీ90 కుటుంబానికి మళ్లీ మరో పద్ధతి: 9040లో 90 కుటుంబం పేరు, 40 గన్ వ్యాసం మిల్లీమీటర్లలో.

ఎస్-ట్యాంక్‌కు టరెట్ ఎందుకు లేదు? అది నిజంగా ట్యాంకేనా?

స్ట్రీడ్స్‌వాంగ్న్ 103ను ఒకసారి చూసినవాళ్లు మళ్లీ మరిచిపోరు. చీలిక మేకులా ముందుకు వాలిన ఒళ్లు, దానిలోంచి సూటిగా పొడుచుకొచ్చిన గన్, టరెట్ లేదు. ఎత్తు రెండు మీటర్లకు కొంచెం పైన. నన్ను ఈ విషయంలోకి లాగింది ఈ బండే, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

1950ల్లో స్వెన్ బెర్గే అనే స్వీడన్ సైనిక ఇంజనీరు ఒక ప్రశ్న వేసుకున్నాడు. పోరులో ట్యాంకుకు తగిలే గుండ్లలో ఎక్కువ భాగం పైకి లేచి కనిపించే టరెట్‌కే తగులుతున్నాయి కదా, ఆ టరెట్‌నే తీసేస్తే? గన్‌ను ఒంటికే బిగించేశాడు. ఎడమకు గురిపెట్టాలంటే బండి మొత్తం ఎడమకు తిరుగుతుంది. పైకి ఎత్తాలంటే ద్రవం, వాయువులతో పనిచేసే సస్పెన్షన్ ముందు భాగాన్ని లేపి వెనక భాగాన్ని దించుతుంది. మోకాళ్ల మీద వంగిన ఏనుగులా ఈ బండి ముక్కు నేలకు వంచిన ఫొటోలు కనిపించేది అందుకే. అది చెడిపోయి ఒరిగిన బండి కాదు, గురి చూస్తున్న బండి.

గన్ కదలదు కాబట్టి గుండ్లను యంత్రమే ఎక్కిస్తుంది. 105 మి.మీ. గుండ్లు 50 వెనక అరలో ఉంటాయి, నిమిషానికి 15 దాకా పేల్చగలదు. సిబ్బంది ముగ్గురే. డ్రైవరే గురి చూసి పేలుస్తాడు. కమాండర్ కూడా తన చోటు నుంచే బండిని నడిపి గన్ పేల్చగలడు. మూడోవాడు రేడియో చూసుకుంటూ వెనకకు మొహం పెట్టి కూర్చుంటాడు, అవసరమైతే బండిని వెనకకు అతనే నడుపుతాడు. ముందుకు ఎంత వేగమో వెనకకూ అంతే. ఒక డీజిల్ ఇంజిన్, ఒక గ్యాస్ టర్బైన్, రెండూ ముందు భాగంలోనే ఉంటాయి కాబట్టి ముందు నుంచి దూసుకొచ్చిన గుండు మనుషులను చేరేముందు వాటిని దాటుకురావాలి.

ఇక ట్యాంకా కాదా అన్నది. కదులుతూ గురిగా పేల్చలేదు కాబట్టి ఇది ట్యాంకు కాదు, ట్యాంకులను వేటాడే బండి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. స్వీడన్ దీన్ని కవచ బ్రిగేడ్లలో ట్యాంకు చేయాల్సిన పనులన్నిటికీ పెట్టింది. అది తయారైన రోజుల్లో టరెట్ ఉన్న ట్యాంకులు కూడా కదులుతూ పేల్చితే గురి అంతంతమాత్రమే, ఆగి పేల్చడమే రివాజు. బండికి పేరు పెట్టాల్సింది దాని పనిని చూసి, ఆకారాన్ని చూసి కాదు.

1967 నుంచి 1971 వరకు బోఫోర్స్ వీటిని 290 తయారుచేసింది. 1990ల చివరికి సైన్యం నుంచి తప్పుకున్నాయి.

జర్మన్ కనోనెన్‌యాగ్డ్‌పాంజర్‌కూ దీనికీ తేడా ఎలా చెప్పాలి?

రెండింటికీ టరెట్ లేదు, అందుకే తికమక. జర్మన్ బండికి ఐదు చక్రాలు, గన్ 90 మి.మీ.ది, పొట్టిగా ఉంటుంది, ఎదుటి పలకలోని గూట్లో అటూ ఇటూ కొంచెం కదులుతుంది. ఎస్-ట్యాంక్‌కు నాలుగు పెద్ద చక్రాలు, వాటిపైన రెండు రోలర్లు, ఒంటికంటే చాలా ముందుకు చొచ్చుకొచ్చిన పొడవాటి గన్. ముందు భాగం ఎడమ పక్కన ఒక ఉక్కు పెట్టెలో రెండు మెషిన్ గన్‌లు బిగించి ఉంటాయి. ఆ పెట్టె కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఎస్-ట్యాంక్ బి, సి రకాలను ఫొటోలో ఎలా వేరుచేయాలి?

పక్కలు చూడండి. గొలుసు పైభాగానికి అడ్డంగా వరుసగా ఇంధన డబ్బాలు తగిలించి ఉంటే అది సి. 1980ల్లో కొత్త డీజిల్ ఇంజిన్, లేజర్ దూరమాపకం పెట్టి చేసిన రకం అది. ఆ డబ్బాలు అదనపు ఇంధనానికే కాదు, పక్కనుంచి వచ్చే గుండుకు మొదటి అడ్డు కూడా. ముక్కు కింద మట్టి తోసే పలక కూడా కనిపిస్తుంది. బండి తన గుంత తానే తవ్వుకుని దాక్కోవడానికి అది.

కొన్ని ఫొటోల్లో ముందు భాగాన కిటికీ ఊచల్లాంటి ఉక్కు కంచె ఉంటుంది. దూసుకొచ్చే గుండును ఒంటికి తగలకముందే పాడుచేయడానికి పెట్టిన ఆ కంచెను స్వీడన్ చాలా ఏళ్లు రహస్యంగా ఉంచింది. పాత ఫొటోల్లో అది అరుదుగా కనిపించడానికి కారణం అదే. మోడళ్లు తయారుచేసేవాళ్లు 1970ల నాటి విన్యాసాల బండికి ఆ కంచె అతికించి పొరపడుతుంటారు.

సెంచూరియన్లు స్వీడన్‌వి ఎలా అవుతాయి?

తయారీ బ్రిటన్‌ది, వాడకం స్వీడన్‌ది. 1950ల్లో మూడు విడతల్లో 350 కొన్నారు. భారత సైన్యం కూడా 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర సెంచూరియన్లతోనూ పోరాడింది, కాబట్టి మనవాళ్లకు ఇది పరాయి బండేమీ కాదు. ఆరు చక్రాలు జంటలు జంటలుగా, వాటి పైభాగాన్ని కప్పే ఉక్కు రేకులు, నడుమ గుండ్రని పెద్ద టరెట్. గన్ గొట్టం మధ్యలో ఉబ్బు ఉంటే 105 మి.మీ. గన్ అనుకుంటారు గానీ, చివరి దశ పాత గన్‌లకూ ఆ ఉబ్బు ఉంది. అందుకే ఆ ఒక్క గుర్తుతో 81, 102 తేల్చకూడదు. 104 రకానికి అమెరికన్ డీజిల్ ఇంజిన్ పెట్టారు.

121, 122 రెండూ లెపర్డ్‌లే కదా, తేడా కనిపిస్తుందా?

స్పష్టంగా. టరెట్ ముఖం గోడలా నిటారుగా ఉంటే 121. అది జర్మనీ వాడిన లెపర్డ్ 2ఏ4. టరెట్ ముఖం బాణం మొనలా ముందుకు కోసుగా వస్తే 122. 1990ల్లో స్వీడన్ అమెరికా ఎం1ఏ2ను, ఫ్రాన్స్ లెక్లెర్క్‌ను, మెరుగుపరచిన లెపర్డ్‌ను పక్కపక్కన పరీక్షించి లెపర్డ్‌ను ఎంచుకుంది. పైకప్పు మీద, ముందు పలక మీద అదనపు కవచం పెట్టించుకుని 120 ట్యాంకులు తెచ్చుకుంది.

122ను జర్మన్ 2ఏ5 నుంచి వేరుచేయడం కొంచెం కష్టం. ఒంటి ముందు పలక మీద లావైన అదనపు దిమ్మ, టరెట్ మీద మందపాటి మూతలు, పొగ గుండ్ల గొట్టాల అమరికలో తేడా చూడాలి. దూరపు ఫొటో అయితే "లెపర్డ్ 2" అని ఆగిపోవడమే నిజాయితీ.

సీవీ90ని బ్రాడ్లీ, పూమా, మార్డర్‌ల నుంచి ఎలా వేరుచేయాలి?

మళ్లీ చక్రాలే. అమెరికా బ్రాడ్లీ, జర్మన్ పూమా, మార్డర్, బ్రిటిష్ వారియర్, రష్యా బీఎంపీలు అన్నిటికీ ఆరు. సీవీ90కి ఏడు. యూరప్‌లో ఈ తరగతిలో ఏడు చక్రాలున్న మరో ప్రధాన బండి స్పెయిన్, ఆస్ట్రియాలు కలిసి చేసిన ఆస్కాడ్. దాన్ని స్పెయిన్‌లో పిజారో అనీ, ఆస్ట్రియాలో ఉలాన్ అనీ అంటారు. ఆ రెండింటి మధ్య తేల్చాలంటే సీవీ90 ముందు పలక ఎంత పొడవుగా, ఎంత వాలుగా, ఎంత తక్కువ ఎత్తులో ఉంటుందో చూడండి. డ్రైవర్ ముందు ఎడమ పక్క కూర్చుంటాడు, ఇంజిన్ కుడి పక్క.

ఆ తక్కువ ఎత్తు, వెడల్పు గొలుసులు ఉత్తర స్వీడన్ నేల కోసం పుట్టినవి. నూర్లాండ్‌లో చలికాలమంతా లోతైన మంచు, మంచు కరిగితే బురద చిత్తడి. బరువైన బండి అక్కడ పొట్ట దాకా కూరుకుపోతుంది. మంచు మీద తేలినట్టు పోగల పోరాట వాహనం కావాలని హెగ్లుండ్స్, బోఫోర్స్ సంస్థలు కలిసి 1980ల్లో పని మొదలుపెట్టాయి. 1990ల తొలి ఏళ్లలో సైన్యానికి చేరింది. తయారీ ఓర్న్‌షోల్డ్స్‌వీక్‌లో. ఆ కర్మాగారం ఇప్పుడు బీఏఈ సిస్టమ్స్ సంస్థది. స్వీడన్ కోసం 509 చేశారు.

స్వీడన్ సొంత రకం 9040కి 40 మి.మీ. బోఫోర్స్ గన్ ఉంటుంది. విమానాలను కూల్చే ఎల్/70 గన్ వంశం అది. భారత సైన్యం వాడిన ఎల్/70కి ఇది దాయాది. చిన్న టరెట్‌లో పట్టించడానికి దాన్ని తలకిందులుగా బిగించారు, పేలిన గుండ్ల ఖాళీ తొడుగులు పైకప్పులోంచి పైకి ఎగిరిపడతాయి. పేల్చుతున్న వీడియోలో ఇది కనిపిస్తే మరో గుర్తు అక్కర్లేదు.

అన్ని సీవీ90లూ ఒకేలా ఎందుకు లేవు?

కొన్న దేశాన్ని బట్టి గన్ మారింది. నార్వే, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ 30 మి.మీ. తీసుకున్నాయి, డెన్మార్క్, నెదర్లాండ్స్ 35 మి.మీ. తీసుకున్నాయి. ఎస్టోనియా దగ్గరున్నవి నెదర్లాండ్స్ వాడినవి. స్లొవేకియా, చెక్ దేశాలూ కొత్తవి ఆర్డర్ చేశాయి. కొన్నిటికి ఉక్కు గొలుసు బదులు రబ్బరు పట్టీ ఉంటుంది, అందుకే గొలుసు రకాన్ని బట్టి దేశాన్ని తేల్చకండి.

స్వీడన్‌లోనే చాలా రూపాలున్నాయి. టరెట్ మీద రాడార్ ఉంటే విమాన నిరోధక రకం. పైన పక్కపక్కనే రెండు లావుపాటి గొట్టాలుంటే 120 మి.మీ. జంట మోర్టార్ బండి, దాని పేరు మ్యోల్నెర్. అది నార్డిక్ పురాణాల్లో థోర్ సమ్మెట పేరు. టరెట్ లేకుండా బరువులు లాగే సామగ్రి ఉంటే ఆగిపోయిన బండ్లను లాక్కొచ్చేది. ఉక్రెయిన్‌కు వెళ్లినవి 9040సీ రకం, విదేశీ శాంతి దళాల కోసం అదనపు కవచం తొడిగినవి.

పీబీవీ 302 ఎం113లా ఉంది. ఎలా తేల్చాలి?

ఇక్కడ చక్రాలు కాపాడవు, రెండింటికీ ఐదే. డ్రైవర్ ఎక్కడున్నాడో చూడండి. అమెరికా బండి ఎం113లో ఇంజిన్ ముందు కుడివైపు ఉంటుంది, అందుకని డ్రైవర్ ఎడమకు జరుగుతాడు. 302లో ఇంజిన్ నేల కింద పడుకుని ఉంటుంది, అందుకని డ్రైవర్ సరిగ్గా నడుమ కూర్చుంటాడు. అతని ఎడమ వెనక 20 మి.మీ. గన్ ఉన్న చిన్న టరెట్, కుడి వెనక కమాండర్ మూత. ఎం113 ముక్కు చదునైన పెట్టె, 302 ముక్కు పడవలా ఉంటుంది, ఎందుకంటే ఇది నీళ్లలో ఈదుతుంది.

1966 నుంచి 1971 వరకు హెగ్లుండ్స్ చేసిన ఈ బండి స్వీడన్ పదాతిదళాన్ని దశాబ్దాలు మోసింది. 2024లో మిగిలిన 302లన్నిటినీ ఉక్రెయిన్‌కు ఇస్తామని స్వీడన్ ప్రకటించింది. ఇప్పుడు యుద్ధభూమి ఫొటోల్లో ఎం113లూ 302లూ పక్కపక్కన కనిపిస్తున్నాయి కాబట్టి ఈ ప్రశ్న రోజురోజుకూ ఎక్కువగా వస్తోంది.

ఐకేవీ 91ను రష్యా పీటీ-76 అని ఎందుకు పొరపడతారు?

రెండూ తేలికైనవి, రెండూ ఈదుతాయి, రెండింటికీ ఆరేసి చక్రాలు. పీటీ-76 టరెట్ మొండి శంఖంలా చిన్నది, ముందుకు జరిగి ఉంటుంది. ఐకేవీ టరెట్ కొంచెం వెడల్పు, గన్ 90 మి.మీ.ది, పొడవు. ఇది దాదాపు 16 టన్నుల బండి. 1970ల్లో 212 చేశారు. దూరం నుంచి ట్యాంకులా కనిపిస్తుంది గానీ కవచం పలచన. దాక్కుని కొట్టి తప్పుకోవడమే దాని పద్ధతి.

బాండ్‌కానూన్ అంటే ఏది?

అతి పొడవాటి 155 మి.మీ. గొట్టం, వెనక అంచున రెండు ముక్కలుగా చీలిన టరెట్, మధ్యలో గన్, దాని వెనక గుండ్ల పెట్టె. 53 టన్నులు. ఆ పెట్టెలోని 14 గుండ్లను ముప్పావు నిమిషంలో కురిపించేది. 1960ల్లో అది మామూలు సంగతి కాదు. 26 మాత్రమే చేశారు. ఈనాటి స్వీడన్ శతఘ్ని ఆర్చర్ దీని వారసురాలే గానీ అది వోల్వో లారీ చక్రాల మీద నడుస్తుంది, కాబట్టి గొలుసు బండ్ల లెక్కలో రాదు.

బోఫోర్స్ అంటే మన రాజకీయాల్లో విన్న బోఫోర్స్ ఒకటేనా?

ఒకటే. కార్ల్స్‌కూగా పట్టణపు ఆ సంస్థ నుంచి 1986లో భారత్ 155 మి.మీ. హోవిట్జర్లు కొన్నది. 1987లో స్వీడిష్ రేడియో ముడుపుల వార్త బయటపెట్టింది. 1989 ఎన్నికల్లో ఎన్టీఆర్ అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ దాన్నే ప్రధాన విషయం చేసుకుంది. ఆ గన్‌లే 1999లో కార్గిల్‌లో అక్కరకొచ్చాయి. అయితే అవి లాక్కెళ్లే గన్‌లు, గొలుసు బండ్లు కావు.

స్వీడన్ రంగుల్లో బీఎంపీ ఫొటో చూశాను. అది అసలుదేనా?

అసలుదే కావచ్చు. రెండు జర్మనీలు కలిశాక తూర్పు జర్మనీ సైన్యపు బండ్లు చవకగా వచ్చాయి. స్వీడన్ బీఎంపీ-1లను కొని 501 అని, ఎంటీ-ఎల్‌బీలను కొని 401 అని పేర్లు పెట్టుకుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ-2 "శరత్" మన తెలుగువాళ్లకు దగ్గరిది. 501 దానికి అన్న. తేడా టరెట్‌లో ఉంది: బీఎంపీ-1 టరెట్ చిన్నది, ఒక్క మనిషికి సరిపోయేది, గన్ పొట్టిగా లావుగా ఉంటుంది. బీఎంపీ-2 టరెట్ వెడల్పు, గన్ సన్నగా పొడవుగా ఉంటుంది.

రెండు డబ్బాలు కలిపి కట్టినట్టుండే బండి?

హెగ్లుండ్స్ వారి బాండ్‌వాంగ్న్. ముందో గది, వెనకో గది, మధ్యలో మలుపు తిరిగే కీలు. నాలుగు గొలుసులూ తిరుగుతాయి. పాత 206కి కవచం లేదు, ఫైబర్ గది. కవచమున్నది 206ఎస్, పెద్దది బీవీఎస్10. స్వీడన్‌లో దాన్ని 410 అంటారు. మంచులో దీనికి సాటి లేదు. భారత సైన్యం కోసం ఎల్ అండ్ టీ ఇదే బీవీఎస్10ను "సింధు" పేరుతో తయారుచేస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధం ముందునాటి బండ్ల సంగతి?

మొదటిది ఎం/21. మొదటి యుద్ధం తరువాత జర్మనీ ట్యాంకులు అమ్మకూడదు కాబట్టి పది బండ్లను విడదీసి బాయిలర్ ముక్కలు, వ్యవసాయ యంత్రాలు అని చెప్పి స్వీడన్‌కు తెచ్చారంటారు. 1929లో జర్మన్ సైనికాధికారి గుడెరియన్ స్వీడన్ వచ్చినప్పుడు ఇదే వంశపు ట్యాంకు నడిపాడు. లాండ్స్‌క్రూనాలోని లాండ్స్‌వెర్క్ సంస్థ 1934లో చేసిన ఎల్-60, టార్షన్ బార్ సస్పెన్షన్‌తో (మెలితిరిగే ఉక్కు కడ్డీలు కుదుపును తట్టుకునే పద్ధతి) వచ్చిన తొలి ట్యాంకుల్లో ఒకటి. హంగరీ దాన్నే టోల్డి పేరుతో చేసుకుంది.

మిగతావాటిలో రెండు గుర్తుంచుకుంటే చాలు. రివెట్లు, నాలుగు పెద్ద చక్రాలు ఉంటే ఎం/41, అది చెక్ డిజైన్‌ను స్కానియా-వాబిస్ లైసెన్సు మీద చేసింది. దాని ఒంటి మీదే టరెట్ లేని శతఘ్ని బండి ఎం/43, తరువాత మనుషులను మోసే పీబీవీ 301 పుట్టాయి. ఆరు చక్రాలు, 75 మి.మీ. పొట్టి గన్ ఉంటే ఎం/42. అదే ఒంటి మీద ఎత్తైన కొత్త టరెట్, పొడవాటి గన్ ఉంటే 74.

రంగును బట్టి ఇది స్వీడన్ బండి అని చెప్పొచ్చా?

దేశాన్ని ఊహించొచ్చు, బండిని కాదు. ఎం90 అనే స్వీడన్ మచ్చల రంగులో గీతలన్నీ సూటిగా, అంచులన్నీ కోసుగా ఉంటాయి. పగిలిన అద్దం ముక్కల్లా రెండు ఆకుపచ్చలు, నలుపు, లేత మట్టి రంగు. మిగతా దేశాల మచ్చలు మేఘాల్లా మెత్తగా ఉంటాయి. కానీ 1980లకు ముందు బండ్లు ఎక్కువగా ఒకే ఆకుపచ్చలో ఉండేవి, చలికాలంలో పైన తెల్ల సున్నం పూస్తారు. నంబరు ప్లేటు ఇంకా నమ్మకమైన గుర్తు: నల్ల పలక మీద పసుపు అంకెలు.

స్వీడన్‌లో ఉంటున్నాం. ఇవి ఎక్కడ చూడొచ్చు? ఫొటో తీయొచ్చా?

స్టాక్‌హోమ్‌కు పడమర స్ట్రెంగ్నెస్ దగ్గరి ఆర్సెనాలెన్ మ్యూజియంకు వెళ్లండి. పిల్లలను తీసుకెళ్తే బండి పక్కన నిలబెట్టి చక్రాలు లెక్కపెట్టించండి, పేరు చెప్పకండి. వాళ్లే కనుక్కుంటారు. మ్యూజియంలో ఫొటోలకు ఇబ్బంది లేదు. బయట సైనిక స్థలాల దగ్గర మాత్రం "షిడ్స్‌ఒబ్యెక్ట్" (రక్షిత స్థలం) అన్న బోర్డు కనిపిస్తే కెమెరా లోపల పెట్టేయండి. అక్కడ ఫొటో తీయడం సాధారణంగా చట్టవిరుద్ధం. రైలు మీద వెళ్తున్న బండ్ల ఫొటోను చోటుతో సహా వెంటనే సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. ఈ రోజుల్లో అలాంటి ఫొటో ఎవరి చేతికి వెళ్తుందో చెప్పలేం.

బండి మీద వల కప్పి ఉంది, మంచులో చక్రాలు కూరుకుపోయాయి. అప్పుడెలా?

బారకుడా అనే మభ్యపెట్టే తొడుగు వేసిన 122, సీవీ90 ఫొటోలు ఎక్కువ వస్తున్నాయి. తొడుగు ఒంటి గీతలన్నీ చెరిపేస్తుంది. అప్పుడు మూడు చోట్లు చూడండి: గన్ గొట్టం తొడుగులోంచి ఎంత దూరం బయటకొచ్చింది, డ్రైవర్ మూత నడుమనా పక్కనా, వెనక తలుపు ఉందా. వెనక తలుపుంటే లెపర్డ్ కాదు. గన్ ఒళ్లు దాటి మీటర్ల కొద్దీ చొచ్చుకొస్తే సీవీ90 కాదు. ఈ మూడింట్లో ఒకటీ కనిపించకపోతే మరో ఫొటో దొరికేదాకా పేరు రాయకండి.